బాయి గట్టున గూడెం: కొన్ని పుస్తకాలు, ఒక సినిమా, మన మౌనం

గోదావరిఖని చౌరస్తాలో నిలబడి ఎవర్నడిగినా వాళ్ల ఊరు వేరే ఉంటుంది. ఒకరిది మంథని వైపు, ఒకరిది హుజూరాబాద్ వైపు, ఇంకొకరిది వరంగల్ అవతల. ఖని ఎవరి ఊరూ కాదన్నట్టే మాట్లాడుకుంటాం. బొగ్గు బాయిలు పడ్డాకే ఇక్కడ మనుషులు వచ్చారని చిన్నప్పట్నుంచీ వింటూ వచ్చాం. బడిలో విన్నాం, యూనియన్ సభల్లో విన్నాం, కథల్లో చదివాం. "అంతా జంగలే ఉండె బిడ్డా" అని మా నాయన తరం చెప్పేది. జంగలంటే ఖాళీ జాగ అని మేం అర్థం చేసుకున్నాం. జంగల్లో ఎవరన్నా బతికి ఉండొచ్చన్న ఆలోచన మా ఇంట్లో మొదటిసారి యూనివర్సిటీ మెట్లెక్కిన మాకు కూడా చాలా ఆలస్యంగానే వచ్చింది.

ఇక్కడొక విషయం స్పష్టం చేయాలి. గోదావరిఖని కింద గోండు గూడెం ఉందని మేం అనడం లేదు. జనగామ, మేడిపల్లి, లింగాపూర్ లాంటి ఊళ్ల పొలాలు, చుట్టూ ఉన్న అడవి కలిసి ఇక్కడి బాయిలయ్యాయి. కానీ సింగరేణి అంటే ఒక్క ఖని కాదు. గోదావరి దాటితే మందమర్రి, బెల్లంపల్లి, తిర్యాణి దాకా, ఇటు దిగితే యెల్లందు, కొత్తగూడెం, మణుగూరు దాకా బొగ్గు పొర ఎక్కడికి పోతే కంపెనీ అక్కడికి పోయింది. ఆ పొర మీద గూడేలున్నాయి. పది పదిహేను ఇండ్ల కొలాం గూడెం, కోయల గుంపు, నాయకపోడుల వాడ. బస్సు పోని జాగలు, ఓట్ల లెక్కలో ఎవరూ పట్టించుకోనంత చిన్నవి.

ఈ వ్యాసంలో మేం చరిత్ర రాయబోవడం లేదు. ఆ చిన్న గూడేన్ని రాసినవాళ్లు దాన్ని ఎక్కడ నిలబెట్టారో, ఎక్కడ వదిలేశారో చదవాలనుకుంటున్నాం. అట్లా చదివేటప్పుడు దళితులుగా మేం ఎక్కడ నిలబడి ఉన్నామో కూడా చెప్పాల్సి ఉంటుంది. అది చెప్పకుండా చేసే విమర్శ సగం విమర్శే.

మొదటి పేజీ

సింగరేణి చరిత్ర ఎవరు రాసినా మొదటి వాక్యం దాదాపు ఒకటే. 1871లో జియలాజికల్ సర్వేకు చెందిన డాక్టర్ విలియం కింగ్ యెల్లందు దగ్గర బొగ్గు కనుక్కున్నాడు. 1886లో ఇంగ్లండులో పెట్టిన హైదరాబాద్ దక్కన్ కంపెనీకి తవ్వుకునే హక్కు దొరికింది. 1889లో తవ్వకం మొదలైంది. 1920లో సింగరేణి కాలరీస్ పేరుతో కంపెనీ ఏర్పడింది. యెల్లందు ప్రధాన పొరకు 'కింగ్ సీమ్' అని పేరు పెట్టారు.

ఈ వాక్యాల్లో అబద్ధమేమీ లేదు. వాక్యం కట్టిన తీరే మా అభ్యంతరం. 'కనుక్కున్నాడు' అన్న క్రియకు ముందు అక్కడ మనుషులు లేనట్టుంది. ఖమ్మం వైపు జనం చెప్పుకునే కథ వేరే ఉంది. భద్రాచలం యాత్రకు పోయేవాళ్లు దారిలో మూడు రాళ్లు పెట్టి పొయ్యి ముట్టిస్తే రాళ్లే అంటుకున్నాయట. అది నిజమో కాదో తేల్చడం మా పని కాదు. ఆ కథలో కనీసం మనుషులున్నారు, పొయ్యి ఉంది, ఆకలి ఉంది. చరిత్ర పుస్తకంలో దొర ఉన్నాడు, రాయి ఉంది. దొరకు దారి చూపినవాళ్లెవరు? ఆ అడవిలో నీళ్లెక్కడున్నాయో చెప్పినవాళ్లెవరు? పొరకు దొర పేరు పెట్టినప్పుడు ఆ నేలకు అంతకు ముందున్న పేరేమిటి?

ఇది మన ఒక్కళ్ల సంగతి కాదు. 1788లో ఇంగ్లీషువాళ్లు ఆస్ట్రేలియాలో దిగినప్పుడు ఆ నేల ఎవరిదీ కాదన్న లెక్క మీద వలస కట్టారు. వేల ఏండ్లుగా ఆ ఎడారుల్లో బతుకుతున్న ఆదివాసులు ఆ లెక్కలోకి రాలేదు. 1992లో మాబో కేసులో అక్కడి హైకోర్టు ఆ లెక్క తప్పని ఒప్పుకోవడానికి రెండు వందల ఏండ్లు పట్టింది. మన దగ్గర అంత పెద్ద మాట ఎవరూ వాడలేదు. వాడే అవసరం రాలేదు. పరంపోగు, ఖారిజ్ ఖాతా, సర్కారీ జంగల్ అన్న చిన్న మాటలే ఆ పని చేసి పెట్టాయి.

నివేదికలో గూడెం

రెండో రకం రాత హైమండార్ఫ్‌ది. 1940లో జోడెఘాట్ గుట్టల్లో కొమురం భీం పోలీసుల తుపాకులకు ప్రాణం విడిచాడు. ఆ తర్వాత నైజాం సర్కారుకు ఆదివాసుల విషయంలో సలహా చెప్పే మనిషి కావాల్సి వచ్చింది. ఆస్ట్రియా నుంచి వచ్చిన ఈ మానవ శాస్త్రవేత్త గుట్టలు తిరిగి నివేదికలు రాశాడు. 'ట్రైబల్ హైదరాబాద్' 1945లో, 'ద రాజ్ గోండ్స్ ఆఫ్ ఆదిలాబాద్' 1948లో వచ్చాయి. 1943లో మార్లవాయిలో గోండి భాషలో చదువు చెప్పే బడి మొదలైంది. ఆయన సలహాల వల్ల వేల కుటుంబాలకు పట్టాలు దొరికాయి. ఆయన భార్య బెట్టీ సమాధి కూడా మార్లవాయిలోనే ఉంది.

ఇంత పని చేసిన మనిషిని తక్కువ చేసి మాట్లాడే అర్హత మాకు లేదు. అడవి శాఖ గూడేలు ఎట్లా ఖాళీ చేయించిందో, పట్వారీ ఎట్లా ముంచాడో, బయటి రైతు ఎట్లా భూమి ఆక్రమించాడో ఆయన రాసినంత సూటిగా అప్పటి తెలుగు పత్రికల్లో రాసినవాళ్లు అరుదు. 1982లో వచ్చిన 'ట్రైబ్స్ ఆఫ్ ఇండియా'లో ఆ పట్టా భూములు మళ్లీ గిరిజనేతరుల చేతుల్లోకి పోతున్న తీరును దాచకుండా రాశాడు. తను నిలబెట్టింది కూలిపోతుంటే రాయడానికి నిజాయితీ కావాలి.

అయినా మూడు ప్రశ్నలు అడగాలి. మొదటిది, నివేదికకు పాఠకుడెవరు? సర్కారు. గూడెం అందులో విషయం మాత్రమే. తన గురించి రాసింది గూడెం చదివి ఒప్పుకోవచ్చు, కాదనవచ్చు అన్న ఏర్పాటు ఆ రాతలో లేదు.

రెండోది, ఆయన కోపం బరువంతా అడవి శాఖ మీద, పట్వారీ మీద, షావుకారు మీద పడింది. బొగ్గు బాయి మీద పడలేదు. ఆయన గుట్టలు తిరిగే నాటికే బెల్లంపల్లిలో బొగ్గు తవ్వుతున్నారు. కానీ గూడెం ఒక లోకం, బాయి ఇంకో లోకం అన్నట్టే మానవ శాస్త్రం నడిచింది. కార్మిక సాహిత్యం కూడా తర్వాత అదే దారి పట్టింది.

మూడోది మనకు దగ్గరి ప్రశ్న. గోండుల దేవతల కథలు, వంశాల కథలు కింగ్రి వాయిస్తూ చెప్పేది ప్రధాన్లు. హైమండార్ఫ్ ఆ కథలు సేకరించింది ఎక్కువగా వాళ్ల నోటి నుంచే. అదే ప్రధాన్‌ను గోండులు తమకంటే కింది మనిషిగా చూస్తారు, కలిసి తినరు. పాట ప్రధాన్‌ది, పుస్తకం పేరు రాజగోండులది. డప్పు మాది, జాతర ఊరిది అన్న అనుభవం ఉన్న మాకు ఇది వేరేవాళ్లు చెప్పనక్కర లేదు. అట్లాగే కొలాములు. గోండులు కొలాములను 'పుజారి' అంటారు. ఆ గుట్టల దేవుళ్లకు మొక్కు చెల్లించాలంటే తమకంటే ముందు నుంచీ ఆ నేల మీద ఉన్న కొలాం రావాలని వాళ్ల నమ్మకం. అంటే నేల మొదట ఎవరిదో గోండులు తమ పూజలోనే ఒప్పుకుంటున్నారు. ఈ సంగతి మనకు తెలిసింది హైమండార్ఫ్ రాతల వల్లనే. కానీ రాజులు, కోటలు, పురాణాలు ఉన్న గోండులకు దొరికినన్ని పేజీలు కొలాములకు దొరకలేదు. చిన్న గూడెం ఇక్కడ కూడా పెద్ద గూడెం పక్కన నిలబడి కనిపిస్తుంది.

1981: ఒకే జిల్లా, రెండు లెక్కలు

1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో సభకు వచ్చిన గోండుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. అదే ఏడాది సింగరేణిలో 56 రోజుల సమ్మె జరిగింది, సింగరేణి కార్మిక సమాఖ్య పుట్టింది. ఇంద్రవెల్లి, బెల్లంపల్లి అప్పుడు ఒకే ఆదిలాబాద్ జిల్లా. రెండింటి మీదా పాటలొచ్చాయి, కథలొచ్చాయి. కానీ ఇంద్రవెల్లి గోండుది, సమ్మె కార్మికుడిది అన్నట్టు రెండు లెక్కలుగానే ఉండిపోయాయి. గూడెం నుంచి వచ్చి బాయి దిగినవాడు, బాయి వల్ల గూడెం పోగొట్టుకున్నవాడు ఏ లెక్కలోకి వస్తాడు?

ఆ రోజుల్లోనే అల్లం రాజయ్య, సాహు కలిసి 'కొమురం భీం' నవల రాశారు. తెలుగులో ఆదివాసిని పాఠకుడి జాలికి కాక గౌరవానికి పాత్రుడిని చేసిన నవలల్లో దానిది పెద్ద స్థానం. హైమండార్ఫ్ నివేదికల్లో ఒక ఘటనగా ఉన్న భీం ఇక్కడ కొడుకుగా, అన్నగా, తోటివాళ్లతో మాట్లాడుతూ నిర్ణయాలు తీసుకునే మనిషిగా వచ్చాడు. మాలాంటివాళ్లం కాలేజీలో చేతులు మార్చుకుంటూ చదివిన పుస్తకం అది. దాని రుణం తీరేది కాదు.

మా విమర్శ నవల మీద కాదు, ఆ తర్వాత మన చదువరితనం మీద. ఒక నవల వచ్చింది కాబట్టి ఆదివాసిని చదివేశాం అనుకున్నాం. భీం మిగిలాడు, గూడెం పోయింది. భీం పేరు మీద 2016లో జిల్లా కూడా వచ్చింది. పేరు పెట్టడానికి భూమి అక్కర లేదు. పోరాడి చనిపోయిన గూడేన్ని తలుచుకోవడం మనకు తేలిక. పోరాడలేక, కాగితం లేక, మెల్లగా లేచిపోయిన పది ఇండ్ల గూడేన్ని తలుచుకోవడానికి మన దగ్గర సాహిత్య రూపమే లేదు. కొలాం గూడెం చాలాసార్లు ఎదురు నిలబడదు, ఇంకో గుట్ట వెతుక్కుంటుంది. మన విమర్శకు అది పిరికితనంలా కనిపిస్తే లోపం మన విమర్శలో ఉంది.

చదువు అడుక్కున్న భీం

2022లో 'ఆర్ఆర్ఆర్' వచ్చింది. ప్రపంచమంతా చూసింది. ఖనిలో మేం కూడా ఈలల మధ్యనే చూశాం. పులిని పట్టే భీంను చూసి సంబరపడ్డ పిల్లల్లో మా పిల్లలూ ఉన్నారు. సినిమా కల్పన అని తీసినవాళ్లే చెప్పారు కాబట్టి చరిత్ర తప్పులు వెతకం. కల్పన చేసేటప్పుడు ఎవరికి ఏం ఇచ్చారు, ఎవరి దగ్గర ఏం తీసుకున్నారు అన్నది చూస్తాం.

చివర్లో రాముడు భీంను ఏం కావాలో కోరుకొమ్మంటాడు. భీం చదువు అడుగుతాడు. రాముడు జెండా బట్ట మీద 'జల్ జంగల్ జమీన్' అని రాస్తాడు. హాల్లో చప్పట్లు. ఆ మూడు మాటలు ఎవరివని మనం ఇన్నేండ్లుగా చెప్పుకుంటున్నాం? కొమురం భీంవి. భీం నోటి మాట భీంకే వేరేవాళ్ల చేతి రాతలో దానంగా అందింది. ఇచ్చినవాడు విల్లు పట్టిన రాముడి వేషంలో ఉన్నవాడు, అక్షరం తెలిసినవాడు. తీసుకున్నవాడు బలం తప్ప మరేమీ లేనివాడు. జనంలో ప్రచారంలో ఉన్న భీం కథలో మాత్రం భీం చాందా వైపు వెళ్లి విఠోబా దగ్గర చదువు నేర్చుకున్నవాడు, అస్సాం తోటల్లో పని చేసి సంఘాల సంగతి తెలుసుకున్నవాడు. చదువుకున్న భీంను చదువు లేనివాడిగా చేసి, మళ్లీ చదువు ఇప్పించడం ఎందుకు?

ఈ ఎత్తు మాకు కొత్త కాదు. ఏకలవ్యుడి బొటనవేలు తీసుకున్న కథ చదివిన వాళ్లమే. అప్పుడు గురువు వేలు అడిగాడు, ఇప్పుడు శిష్యుడితోనే చదువు అడిగిస్తున్నారు. మొదటి తరం చదువుకున్నవాళ్లుగా ఆ సీను మమ్మల్ని కుదిపింది. మాకు చదువు వచ్చింది ఎవరి దానంతోనో కాదు. బాయిలో మా నాయన తట్టా చెమ్మస్ పట్టిన డ్యూటీలతో, హాస్టల్ సీటుతో, రిజర్వేషన్‌తో వచ్చింది. మార్లవాయి బడి కూడా భీం చావు తర్వాత, ఆ తిరుగుబాటు భయం వల్ల వచ్చింది. సినిమా దీన్ని తలకిందులు చేసింది.

మన సంగతి

ఇంతవరకు వేరేవాళ్ల గురించి మాట్లాడాం. ఇప్పుడు మన గురించి.

బాయి పని దళితులకు విముక్తి. ఈ మాట దాచాల్సిన పని లేదు. ఊళ్లో వెట్టి చేసిన చేతికి నెల జీతం, గుడిసెలో పుట్టినవాడికి క్వార్టర్, పటేల్ ముందు కూర్చోలేనివాడికి మస్టర్‌లో పేరు. దొర గడి మీద కోపం తీరినట్టే ఉండేది మా నాయనకు. ఇంత ఇచ్చిన బాయిని మేం ప్రశ్నించలేదు. మన కవిత్వం బొగ్గును మన ఒంటి రంగుతో పోల్చుకుంది, నల్ల నేల మాదే అంది. ఆ నేల అంతకు ముందు ఎవరి పుజారిది అని అడగలేదు.

బాబాసాహెబ్ దగ్గర కూడా ఈ చిక్కు ఉంది. 1936 నాటి 'కులనిర్మూలన'లో ఆదివాసులను అట్లా వదిలేసిన పాపం హిందువుల కులానిదేనని సూటిగా తేల్చాడు. కానీ వాళ్లను నాగరికత మెట్టు కింద ఉన్నవాళ్లుగానే చూశాడు. 1945లో మతాల మధ్య ప్రాతినిధ్యం సమస్యకు పరిష్కారం చెప్పినప్పుడు, ఆదివాసులకు రాజకీయ చైతన్యం ఇంకా రాలేదంటూ వాళ్లను ఆ లెక్కలో కలపలేదు. ఆయన్ను చదవడమంటే ఇది కూడా చదవడమే. గురువు తప్పు చెబితే గురువు చిన్నవాడైపోడు.

రెండో వైపు కూడా చెప్పాలి. కొన్నేండ్ల కింద పరిశోధన పని మీద ఒక గూడేనికి పోయాం. ఏ గూడెమో, ఏ తెగదో రాయడం లేదు. ఒక గూడెం మీద నింద మోపడం మా ఉద్దేశం కాదు. ముసలమ్మ మమ్మల్ని ఏ ఊరని అడిగింది, ఏ బాయి అని అడిగింది, తర్వాత "ఏమోళ్లు?" అంది. చెప్పాం. నీళ్లు ఇచ్చింది. చెంబుతో పైనుంచి పోసింది, మేం దోసిలి పట్టాం. ఆమె మొహంలో ద్వేషం లేదు, ఎండన పడి వచ్చిన పిల్లలన్న జాలే ఉంది. డిగ్రీ చదువుతున్న ఆమె మనవడు తల వంచుకున్నాడు. తిరుగు దారిలో మాలో ఒకరు "ఇంకెందుకురా వీళ్ల గురించి మనం రాసుడు" అన్నారు. చాలాసేపు ఎవరం మాట్లాడలేదు.

ఆదివాసులకు కులం లేదు, వాళ్లది కల్మషం లేని సమాజం అని మన ప్రగతిశీల సాహిత్యం రాస్తూ వచ్చింది. ఆ దోసిలి నీళ్లు ఆ రాతకు సాక్ష్యం చెప్పవు. కులం గుట్ట ఎక్కింది. అయితే ఆమె మమ్మల్ని దూరం పెట్టింది కాబట్టి ఆమె నేల మీద మాట్లాడే బాధ్యత మాకు తప్పుతుందా? తప్పదని చాలా రోజుల తర్వాత ఒప్పుకున్నాం. హక్కు మంచివాళ్లకిచ్చే బహుమానం కాదు. గ్రామంలో మా హక్కు అడిగినప్పుడు మేం మంచివాళ్లమని రుజువు చేసుకోమన్నవాళ్లకు మనం ఏం జవాబు చెప్పామో అదే జవాబు ఇక్కడా వర్తిస్తుంది. ఆమెతో నీళ్ల పంచాయితీ వేరే ఉంది, అది ఆమెతోనే తేల్చుకోవాలి. ఆ మనవడు దాన్ని ఇప్పటికే మొదలుపెట్టి ఉంటాడు.

కోయగూడెం ఎవరిది?

ఇదంతా పుస్తకాల గొడవ అనుకునేవాళ్ల కోసం ఒక్క ఉదాహరణ. కేంద్రం నాలుగు బొగ్గు బ్లాకులను వేలానికి పెట్టినప్పుడు 2021 డిసెంబర్ 9 నుంచి 11 దాకా సింగరేణి కార్మికులు మూడు రోజులు సమ్మె చేశారు. సరైన సమ్మె. ఆ నాలుగింటిలో ఒకదాని పేరు కోయగూడెం బ్లాక్. సింగరేణికి ఇవ్వాలా, ప్రైవేటుకు ఇవ్వాలా అన్నదే చర్చ. మా చేతికి వచ్చిన కరపత్రాల్లో పేరులో ఉన్న కోయలు మాటల్లో లేరు.

1997లో సమతా కేసులో సుప్రీంకోర్టు షెడ్యూల్డ్ ప్రాంతంలో సర్కారు భూమిని ప్రైవేటువాళ్లకు లీజుకివ్వకూడదంది. గొప్ప తీర్పు. కానీ ప్రభుత్వ సంస్థలు తవ్వుకోవచ్చంది. బొగ్గు భూముల కోసం 1957 నుంచి వేరే చట్టమే ఉంది. 2013 భూసేకరణ చట్టం తెచ్చిన సామాజిక ప్రభావ అంచనా దానికి వర్తించదు, పరిహారం లెక్కలు మాత్రమే తర్వాత కలిపారు. పరిహారం అంటే కాగితం చూపించాలి. పోడు కొట్టి, నాలుగేండ్లకు గుట్ట మార్చి బతికిన కొలాం ఏ కాగితం చూపిస్తాడు? 2006 అటవీ హక్కుల చట్టం ఆ లోటు పూడ్చాలని వచ్చింది, అది గూడెం దాకా నడిచిన చోట్లు నడవని చోట్లు రెండూ ఉన్నాయి. ప్రభుత్వ రంగాన్ని కాపాడుకోవాలన్నది మా నినాదం కూడా. కానీ ఓపెన్‌కాస్టు గొయ్యి అంచున నిలబడ్డ గూడేనికి, తవ్వింది సర్కారు యంత్రమా షావుకారు యంత్రమా అన్న తేడా ఎంత ఆనుతుంది?

ఆస్ట్రేలియాలో కూడా ఇదే. 2015లో అక్కడి ప్రధాని అబాట్, మారుమూల ఎడారుల్లో ఉండడం ఆదివాసులు ఎంచుకున్న జీవనశైలి అనీ, దానికి సర్కారు ఖర్చు పెట్టలేదనీ అన్నాడు. తాతల నేల మీద ఉండడం జీవనశైలి అయిపోయింది. 2019లో క్వీన్స్‌లాండ్ ప్రభుత్వం కార్మైకేల్ బొగ్గు గని కోసం వంగన్, జగలింగౌ జనం నేల హక్కును రద్దు చేసింది. గని అదానీది. మన దేశపు పెట్టుబడి అక్కడి గూడేన్ని లేపింది. కాబట్టి ఇది దూరదేశపు ముచ్చట అని పక్కన పెట్టలేం.

మేం అడిగేది కొంచెమే. ఇకనుంచి సింగరేణి మీద కథ రాసినా, థీసిస్ రాసినా, బాయి తవ్వక ముందు ఆ జాగ పేరేమిటో, ఆ పేరు ఏ భాషదో మొదటి పేజీలో రాద్దాం. కొలామి, గోండి, కోయ మాట్లాడే పిల్లలు యూనివర్సిటీలకు వస్తున్నారు. వాళ్లు ఈ పత్రికకు రాయాలి, మేం రాసింది తప్పయితే తప్పని రాయాలి. ఈ వ్యాసం ప్రతిని ఆ గూడేనికి పంపుతున్నాం. దోసిలి నీళ్ల పేరా మనవడు ముసలమ్మకు చదివి వినిపించాలని మా కోరిక. ఆమె ఏమన్నా సరే, ఆ జవాబు వస్తే ఈ పేజీల్లోనే అచ్చు వేయమని సంపాదకులను అడిగాం.